ఒకటే వంతెన

"వెనక రాక్షసుడు వచ్చేస్తున్నాడు. వంతెన తాడు తెగిపోతోంది! ముందు ఎవరు దూకుతారు?"

బల్ల మీద అడ్డంగా నిలబెట్టిన అట్టగోడ వెనక నుంచి అడిగింది కెప్టెన్. బల్లకు అటువైపు ఇద్దరున్నారు. ఒకడు పక్కింటి లాయర్. వాడిదీ కెప్టెన్ చదివే క్లాసే, కానీ ప్రతిదానికీ రూలు అడుగుతాడని అందరూ అలాగే పిలుస్తారు. రెండోవాడు కెప్టెన్ తమ్ముడు. మూడో తరగతి.

నిజానికి అది అమ్మ బట్టలు కత్తిరించే బల్ల. శనివారం మధ్యాహ్నం మాత్రం పిల్లలది. అమ్మ పక్కనే మిషన్ మీద యూనిఫారాలు కుడుతోంది.

వాళ్లది కథ ఆట. కెప్టెన్ కథ చెబుతుంది, మిగతావాళ్లు అందులో మనుషులు. ఏ సాహసం చేయాలన్నా డైస్ వేయాలి. ఏ డైస్ వేయాలో కెప్టెన్ చెప్పాలి.

ఇరవై ముఖాల డైస్ పేరు గుండు. అది మొండిది. అడిగిన అంకె గానీ, ఆపైన గానీ వస్తే గెలుపు, రాకపోతే అంతే సంగతులు. మామూలు డైసులు రెండు కలిపితే జంట. దానికి కాస్త జాలి ఎక్కువ. పది, ఆపైన వస్తే గెలుపే. ఏడు నుంచి తొమ్మిది వస్తే కూడా గట్టెక్కుతావు, కాకపోతే ఏదో ఒకటి పోగొట్టుకోవాలి.

"నేను దూకుతా," అన్నాడు లాయర్.

"జంట వెయ్యి."

ఎనిమిది పడింది.

"దాటావు. నీ లాంతరు లోయలో పడింది."

"పోతే పోయింది వెధవ లాంతరు," అని గుండె మీద చెయ్యి వేసుకున్నాడు లాయర్.

"ఇప్పుడు నేను!" తమ్ముడు కుర్చీలో మోకాళ్ల మీద లేచాడు. కథలో వాడి మనిషి పేరు బొత్తాం దొర. బల్ల మీద ఆ దొరకు గుర్తు ఒక పెద్ద ఎర్ర బొత్తాం.

కెప్టెన్ వాడి నెత్తి మీదున్న కాగితం కిరీటం వైపు చూసింది. పొద్దున్నే చేసుకున్నాడు, అక్క సెలవులన్నీ కూర్చుని గీసిన మ్యాప్‌ను కత్తిరించి. కొండలు, నదులు ఇంకా కనిపిస్తున్నాయి. "చిన్నవాడు, తెలీక చేశాడు, వదిలెయ్యి," అని అప్పుడే అంది అమ్మ.

కెప్టెన్ వదల్లేదు.

"నీకు గుండు," అంది. "పదిహేను రావాలి."

లాయర్ తల ఎత్తాడు. జంట వైపు చూశాడు.

తమ్ముడు గుండును రెండు చేతుల్లో ఊపాడు. ఉఫ్ అని ఊదాడు. మళ్లీ ఊపాడు.

"వేస్తావా, దానికి పెళ్లి చేస్తావా?" అన్నాడు లాయర్.

వేశాడు. అది గిరగిరా తిరిగి, అమ్మ కత్తెరకు తగిలి ఆగింది.

పద్నాలుగు.

"పడిపోయావు," అంది కెప్టెన్.

కథలో చనిపోయినవాళ్లు రేకు డబ్బాలోకి వెళ్లాలి. కొత్త కథ మొదలయ్యేదాకా వాళ్లకు ఇక ఆట లేదు. కొత్త కథ పరీక్షలయ్యాకే.

తమ్ముడు ఏడుస్తాడనుకుంది. ఏడవలేదు. "నా చెయ్యే మంచిది కాదక్కా," అంటూ బొత్తాం దొరను తనే డబ్బాలో వేశాడు. టంగుమంది. "వచ్చే శనివారం కింద పడిన డైసులు ఏరిపెడతాలే. ఇక్కడ కూర్చోనిస్తావా?"

లాయర్ జంటను చేతిలోకి తీసుకున్నాడు.

"నాకు జంట ఇచ్చావు," అన్నాడు లాయర్ మెల్లగా.

"నువ్వు దాటావుగా. నీకెందుకు?"

"దాటాను కాబట్టే అడుగుతున్నా. ఒకటే వంతెన. వాడికి వేరే రూలేంటి?"

కెప్టెన్ చెవులు వేడెక్కాయి. కథ చెప్పేది నేను, నా ఇష్టం అనే మాట నోటిదాకా వచ్చింది. ఈలోగా తమ్ముడే లాయర్ మీద కోప్పడ్డాడు.

"ఊరుకో లాయరన్నా! మా అక్క కరెక్టుగానే చెబుతుంది."

కెప్టెన్ వాడి ముఖంలోకి చూడలేకపోయింది. అట్టగోడను మడిచి కింద పెట్టింది. డబ్బాలోంచి ఎర్ర బొత్తాం బయటికి తీసింది.

"కరెక్టు కాదురా. మ్యాప్ కోపం ఆటలో చూపించాను. జంట వెయ్యి."

వాడి చెయ్యి కిరీటం మీదికి వెళ్లింది. "అక్కా, ఇది..."

"దాని సంగతి తర్వాత. ముందు వెయ్యి."

ఒక డైస్ బల్ల మీదే ఆగింది. మూడు. రెండోది దొర్లుకుంటూ వెళ్లి మిషన్ కింద పడింది. అమ్మ టక్కున కాలు ఆపింది.

"నేను కదలను. చూసుకోండి."

నాలుగైనా వస్తే దాటినట్టే. రాకపోతే మళ్లీ డబ్బాలోకే. కెప్టెన్ కాస్త వంగితే కనిపిస్తుంది. వంగలేదు.

"నువ్వే చూసి చెప్పు," అంది తమ్ముడితో.

వాడు మిషన్ కిందికి దూరాడు. దారం పోగుల మధ్య వాడి పాదాలు మాత్రమే కనిపిస్తున్నాయి. కదలడం లేదు.

"ఎంతరా బాబూ?" ఉండబట్టలేక అరిచాడు లాయర్.

"నాలుగు! అక్కా, ఏడొచ్చింది!" తల ఠక్కుమని మిషన్‌కు కొట్టుకుంది. "అబ్బా!"

తల రుద్దుకుంటూ బయటికొచ్చి, అంతలోనే ఆగిపోయాడు. "ఏడొస్తే ఏదో ఒకటి పోవాలి కదా?"

"పోవాలి."

వాడు కాసేపు ఆలోచించాడు. కిరీటం తీసి అక్క ముందు పెట్టాడు. "ఇది."

కెప్టెన్ దాన్ని విప్పి, అరచేత్తో చదును చేసి, బల్ల మధ్యలో పరిచింది. అంచులన్నీ రంపపు పళ్లలా ఉన్నాయి.

"లోయకు అవతలి ఒడ్డు ఇదే," అంటూ ఎర్ర బొత్తాన్ని దాని మీద పెట్టింది. "ఇప్పుడు రాక్షసుడి వంతు."

రాక్షసుడి డైసులు ఎప్పుడూ అట్టగోడ వెనకే వేసేది. ఈసారి అందరి ముందూ వేసింది.