కొలత కోసం కూర్చున్న మనిషి

నాన్న గీసిన రాకెట్లను చూస్తే ఇప్పుడు కూతురికి నవ్వొస్తుంది. మనిషి ఇంకా చంద్రుడి మీద కాలుపెట్టని రోజుల్లో పత్రికల కోసం వేసిన బొమ్మలవి. చేపకున్నట్టు రెక్కలు, గుండ్రటి కిటికీలు. ప్రతి రాకెట్ పక్కనా వేలెడంత మనిషి ఒకడు, అది ఎంత పెద్దదో చూసేవాళ్లకు తెలియడానికి.

ఆ మనిషి బాబాయే, నాన్న తమ్ముడు. ఎదురుగా ఎవరినైనా కూర్చోబెట్టుకోనిదే నాన్న మనిషి బొమ్మ వేసేవాడు కాదు. పాపం బాబాయి, హెల్మెట్‌కి బదులు నెత్తిన గిన్నె బోర్లించుకుని గంటలకొద్దీ పీట మీద కూర్చునేవాడట. "బొమ్మ అయ్యేదాకా కదిలావో, చూడు!" అని నాన్న కేకలు. "మా చిన్నోణ్ణి చంపేస్తున్నారు," అని అమ్మ నవ్వేదట.

ఆఖరి బొమ్మకి అలాగే కూర్చుని, కదలకుండానే పోయాడు బాబాయి. గుండె ఆగిన సంగతి గంటసేపు నాన్నకి తెలియనేలేదు. బొమ్మలో ఆ మనిషి ఉన్నచోట నల్లరంగు పులిమేసి, నాన్న మళ్లీ కుంచె ముట్టలేదు.

అప్పటికి కూతురికి మూడేళ్లు. తనను భుజాల మీద తిప్పిన బాబాయి మొహం గుర్తులేదు. ఇంట్లో ఒక్క ఫొటో లేదు. ఆ మొహం ఒక్కసారి చూడాలని ఎప్పటినుంచో ఆరాటం. పాత బొమ్మలు బాగుచేయడమే ఆమె వృత్తి కూడా. నాన్న పోయాక, ఆయన గదిలోనే ఆ ఆఖరి బొమ్మను బల్ల మీద పెట్టింది.

"దాని జోలికి పోకే," అంది అమ్మ. వింటేగా!

మధ్యాహ్నం. ఎండ పడకుండా తెరలు దించిన గది. స్పిరిట్ వాసన. దూదితో తుడిచేకొద్దీ నలుపు కరిగింది. చెయ్యి... భుజం... హెల్మెట్...

లోపల ఖాళీ. బాబాయి మొహం నాన్న వేయనేలేదు. ఆమెకు ఏడుపొచ్చింది.

వెనక, బాబాయి కూర్చున్న పాత పీట కిర్రుమంది.

"అన్నయ్యా... అయిపోయిందా?"

అలసిపోయిన గొంతు. ఆమె తిరిగి చూడలేదు. ఇన్నేళ్లుగా... కదలకుండా... భయంలోనూ జాలేసి, నోరు జారింది.

"అయిపోయింది బాబాయ్... లే."

గిన్నె నేల మీద పెట్టిన చప్పుడు. ఒక అడుగు... ఇంకో అడుగు... మెడ మీద చల్లటి ఊపిరి. బొమ్మ చూస్తున్నాడు.

"మరి... నా మొహమేదీ?"

కళ్లు తెరిచేసరికి ఆమె నేల మీద పడి ఉంది. మంచినీళ్ల గ్లాసుతో అమ్మ లోపలికొస్తోంది. చూపు ముందు బొమ్మ మీద పడింది.

"ఇదేంటే, హెల్మెట్లో నీ మొహం వేసుకున్నావ్?" అంటూ నేల మీదున్న ఆమె వైపు తిరిగింది.

గ్లాసు జారిపడింది.

"చిన్నోడా..." అంది అమ్మ. "ఎప్పుడొచ్చావురా?"