ఇంజన్లు ఆగేదాకా

ఎండ నడినెత్తికి వచ్చింది. తిరుపతిలో హైస్కూలు గ్రౌండు పెనంలా కాలుతోంది. చౌడేశ్వరి మాత్రం ఒక కారు దగ్గరనుంచి ఇంకో కారు దగ్గరకు పరుగెడుతూనే ఉంది.

"నాయనా, ఇట్లరా! ఈ మారిస్ కారు చూడు. పోయినేడు పచ్చగా ఉన్నింది. ఇప్పుడు నల్లరంగు ఏసినారు."

"సూస్తి పాపా, సూస్తి," అన్నాడు ధనంజయ. నిజానికి ఆయన చూడలేదు. కళ్లు తెరిచి ఉంచడమే ఆయనకు పెద్ద పనిగా ఉంది.

ఏడాదికొకసారి ఇక్కడ పాత కార్ల ప్రదర్శన పెడతారు. చౌడేశ్వరికి అది తిరునాళ్లకంటే ఎక్కువ. నగరిలో వాళ్ల ఇల్లు మద్రాసు రోడ్డు పక్కనే. ఇంట్లో అన్నం తింటూ కూడా, బయట పోయే కారు ఏదో శబ్దం విని చెప్పేస్తుంది.

ధనంజయ మరమగ్గాల షెడ్డులో పనిచేస్తాడు. రాత్రంతా మగ్గాలు నడిపి, తెల్లారి ఇంటికొచ్చి, మొహం కడుక్కుని కూతురితో బస్సెక్కాడు. దొరికిన ఒక్క సీటూ ఆమెకిచ్చి, తాను పుత్తూరు దాటేదాకా నిలబడ్డాడు.

"పాపా, నేనీడ కొంచేపు కూర్చుంటా. నువ్వు సూసిరా," అంటూ షామియానా గుంజకు ఆనుకుని కూలబడ్డాడు.

చౌడేశ్వరికి కోపం వచ్చింది. ఏడాదంతా ఎదురుచూసింది ఈయన కూర్చోవడానికా?

షామియానాకు ఎదురుగానే ఒక నీలంరంగు కారు ఉంది. దాని స్టీరింగు ముందు తెల్లజుట్టు ముసలామె. పేరు శకుంతలమ్మ. చిత్తూరునుంచి తానే నడుపుకుంటూ వచ్చిందట.

"ఇదేం కారో తెల్సునా పాపా?"

"ఆస్టిన్! స్టార్టు కాకుంటే ముందర హ్యాండిలు పెట్టి తిప్పాల. చెయ్యి జాగర్త, ఎనక్కి తంతాది."

ముసలామె పకపకా నవ్వింది. "ఓయమ్మో! నిన్ను కూడా తన్నిందా ఏమి? సరే, గ్రౌండు చుట్టూ కార్ల ఊరేగింపులో నా పక్కన కూర్చుంటావా?"

చౌడేశ్వరి గబగబా తల ఊపింది.

"మీ పెద్దోళ్లు యాడుండారు? వాళ్లనొక మాట అడగాల గదా."

చౌడేశ్వరి వెనక్కి చూసింది. నాయన గుంజమీదనుంచి పక్కకు జారిపోయాడు. నోరు తెరుచుకుని నిద్రపోతున్నాడు. తలనిండా నూలు దుమ్ము. ఇస్త్రీ చొక్కాల పిల్లలిద్దరు ఆయన్ను చూపించుకుని నవ్వుకుంటున్నారు.

"మా మామ వచ్చినాడు. టీ తాగేదానికి పోయినాడు," అంది చౌడేశ్వరి.

అబద్ధం చెబితే గుండె దడదడలాడుతుందని అమ్మ అంటుంది. ఏమీ ఆడలేదు. శకుంతలమ్మ తలుపు తెరిచి పక్కన కూర్చోబెట్టుకుంది. కారు సీటు వెచ్చగా, తోలు వాసనతో ఉంది.

ఒక్కొక్క ఇంజనూ మొదలైంది. గ్రౌండంతా దద్దరిల్లింది. బ్యాడ్జీ పెట్టుకున్న కుర్రాళ్లు దారికి అడ్డం లేకుండా అందర్నీ జరుపుతున్నారు. నాయన కాళ్లు దారిలోకి చాపి ఉన్నాయి.

"లేయప్పా! ఓ అప్పా!" అని ఒకడు భుజం పట్టి ఊపాడు. నాయన లేవలేదు.

"ఇంత సద్దులో ఎట్ల నిద్ర పడతాదిరా? తాగినాడేమో!"

"ఎవురి మనిషప్పా ఈయన? ఎవురన్నా ఎరగతారా?"

శకుంతలమ్మ కారులోంచి తల బయటపెట్టి చూసింది. "పాపం, ఎవురో. నీకు తెల్సునా పాపా?"

"తెలీదవ్వా."

కుర్రాళ్లిద్దరూ నాయన చంకల్లో చేతులేసి నీడలోకి జరిపారు. అప్పుడాయన కళ్లు సగం తెరుచుకున్నాయి. కారులో కూర్చున్న కూతురు కనబడింది. నవ్వాడు. మళ్లీ కళ్లు మూసుకున్నాడు.

కారు కదిలింది. జనం చేతులూపారు. చౌడేశ్వరి కూడా చెయ్యి ఊపింది. ఆ చెయ్యి తనది కానట్టుగా ఉంది.

నాయన ఆ మాట విన్నాడా? విని కూడా నవ్వాడా? వినకుండానే నవ్వాడా? ఏది నిజమైతే మేలో ఆమెకు తోచలేదు.

"ఏం పాపా, అంత మాట్లాడితివి, ఇప్పుడు మూగనోము పట్టినావా?" అంది శకుంతలమ్మ.

కారు షామియానా ముందునుంచి పోయిన ప్రతిసారీ చౌడేశ్వరి మెడ తిప్పి చూసింది. నాయన అలాగే ఉన్నాడు. నిద్రలో ఆయన చాలా చిన్నగా కనిపించాడు.

ఊరేగింపు అయిపోయింది. కార్లు గ్రౌండు అవతలి కొసన వరసగా నిలబడ్డాయి. ఒక ఇంజను ఆగింది. ఇంకొకటి ఆగింది. గ్రౌండు మెల్లగా సద్దుమణుగుతోంది.

దూరంగా నాయన కదిలాడు. చెయ్యి దేనికోసమో తడుముకుంది.

చౌడేశ్వరికి అర్థమైంది. ఇంటి దగ్గరా ఇంతే. పగలంతా వీధిలో మగ్గాలు టకటకమంటుంటే నాయన హాయిగా నిద్రపోతాడు. కరెంటు పోయి మగ్గాలు ఆగితే, ఏదో పాడైందన్నట్టు ఉలిక్కిపడి లేస్తాడు. ఇక రెప్ప మూయడు. రాత్రికి మళ్లీ షెడ్డుకు పోవాలి.

శకుంతలమ్మ చెయ్యి స్విచ్చి మీదికి పోయింది.

"ఆపొద్దవ్వా!"

"ఎందుకు?"

"ఇంజను ఆగితే ఆయన లేస్తాడు. రాత్రంతా మగ్గాలు నడిపినాడు. తాగలేదు. ఆయన..." చౌడేశ్వరి షామియానా వైపు చెయ్యి చూపింది. "ఆయన మా నాయన."

శకుంతలమ్మ ఆ పిల్ల ముఖంలోకి చూసింది. చెయ్యి వెనక్కి తీసుకుంది.

"ఈడినుంచి వినబడతాదా?"

"కొంచెం దగ్గరికి పోనిస్తావా అవ్వా?"

జవాబు కోసం ఆగకుండా చౌడేశ్వరి కారు దిగింది. షామియానా ముందు బ్యాడ్జీ కుర్రాళ్లు, ఇస్త్రీ చొక్కాల పిల్లలు, సోడా తాగుతున్న పెద్దలు అడ్డంగా నిలబడి ఉన్నారు. ఆమె వాళ్ల మధ్యకు నడిచింది.

"జరగండప్పా, కారుకు దారి ఇయ్యండి," అంది. "మా నాయన నిద్రపోతా ఉండాడు."

వెనకాల ఆస్టిన్ దడదడమంటూ మెల్లగా వచ్చింది.