ఎడమ కంటి కింద మచ్చ

ముందు ఆ నవ్వు ఆపండి. పోయినవాళ్ళ ఫోటో మీకు కాగితం ముక్క. దానికి మీసాలు గీస్తారు, కొమ్ములు పెడతారు, నలుగురికీ చూపించి పకపకా నవ్వుతారు. ఇదేం పనని అడిగితే సరదాకి అంటారు. భరద్వాజ కూడా సరదాకే చేశానన్నాడు. అతని సంగతి చివరిదాకా వినండి. అప్పుడూ నవ్వొస్తే నవ్వుకోండి.

రెండువేల ఆరు, ఆగస్టు. తెనాలిలో ఒక బట్టల కొట్టు పైన, మూడో అంతస్తులో, లోకల్ కేబుల్ ఛానెల్ ఒకటి నడిచేది. భరద్వాజ అందులో గ్రాఫిక్స్ ఆర్టిస్టు. బాపట్ల నుంచి రోజూ రైల్లో వచ్చేవాడు. వార్తల వెనక కదిలే బొమ్మలు, పేర్ల పట్టీలు, మ్యాపులు, శ్రద్ధాంజలి ప్రకటనలు, అన్నీ అతని చేతిపనే. పనిమంతుడు. ఆ సంగతి అతనికి కాస్త ఎక్కువగానే తెలుసు.

కంప్యూటర్ తెర మీద వెలుగు పడకూడదని గ్రాఫిక్స్ గది కిటికీలకి నల్ల కాగితం అంటించారు. మిట్టమధ్యాహ్నం కూడా ఆ గదిలో చీకటే. ఏసీ గురగుర, వేడెక్కిన వైర్ల వాసన. అంతే.

ఒక సోమవారం కొలకలూరు నుంచి మంగాయమ్మ వచ్చింది. ఏడాది కిందట ఆమె కూతురు వాగ్దేవి కాలవలో పడి చనిపోయింది. పందొమ్మిదేళ్ళ పిల్ల. శుక్రవారం సంవత్సరీకం. టీవీలో శ్రద్ధాంజలి వేయించాలని చీర కొంగులో చుట్టుకుని ఫోటో తెచ్చింది.

"ఇదొక్కటే ఉంది బాబూ. జాగ్రత్త."

"అలాగేనండి పిన్నిగారూ" అన్నాడు, తల తిప్పకుండానే.

బుధవారం సాయంత్రం ఐదున్నరకి న్యూస్ ఇన్‌ఛార్జి జనార్దనరావు గదిలోకి దూసుకొచ్చాడు.

"ఏంటయ్యా, ఖాళీగా కూర్చున్నావు? రేపల్లె ప్యాసింజర్‌లో ఎవత్తో మత్తు బిస్కెట్లు పెట్టి గొలుసులు కొట్టేస్తోందట. ఆరున్నర బులెటిన్‌కి దాని మొహం కావాలి."

"ఫోటో ఉందా సార్?"

"ఉంటే నీ దగ్గరికెందుకొస్తానయ్యా? ఊహాచిత్రం చెయ్."

ఇలాంటి మొహాలు చెయ్యడానికి ఆ పనివాళ్ళకొక పద్ధతి ఉంది. ఒకరి కళ్ళు, ఇంకొకరి ముక్కు, వేరొకరి గడ్డం తీసి అతుకుతారు. ఆ మొహం ఎవరిదీ కాకూడదు. అదే దాంట్లో నీతి. దానికి గంట పడుతుంది. భరద్వాజకి అంత ఓపిక లేదు. ఎదురుగా తెర మీద వాగ్దేవి ఫోటో ఉంది. బొట్టు చెరిపాడు. జుట్టు రేపాడు. పెన్సిల్‌తో గీసినట్టు మార్చే మీట నొక్కాడు. ఎడమ కంటి కింద నల్లటి మచ్చ ఒకటి పెట్టాడు. పది నిమిషాల పని.

పక్క గదిలో వీడియో ఎడిటింగ్ చేసే హిదాయతుల్లా తొంగి చూశాడు. "ఆ శ్రద్ధాంజలి పిల్ల కదూ? తప్పు భరద్వాజా."

"సరదాకి అలా చేశాలే. చచ్చిపోయినామె వచ్చి అడుగుతుందా ఏంటి?"

రాత్రిలోగా ఆ మొహం మూడుసార్లు టీవీలో వచ్చింది. కింద ఎర్రక్షరాలతో 'ఈమె కనిపిస్తే జాగ్రత్త' అని కూడా వేశారు.

మర్నాడు మధ్యాహ్నం ముసురు. మంగాయమ్మ తడిసిన చీరతో వచ్చి గ్రాఫిక్స్ గది గుమ్మంలో నిలబడింది.

"బాబూ, ఊళ్ళో అందరూ చూశారు. మీ పిల్ల దొంగా, అందుకే కాలవలో దూకిందా అంటున్నారు. తప్పయిందని ఒక్క ముక్క టీవీలో వెయ్యి నాయనా. రేపు సంవత్సరీకానికి ఎవరూ గడప తొక్కరు."

ఒప్పుకుంటే ఉద్యోగం పోతుంది. భరద్వాజ గొంతు పెంచాడు.

"అది మీ అమ్మాయి కాదండి. దానికి మచ్చ ఉంది, చూళ్ళేదా? ముందు మీ కళ్ళు చూపించుకోండి."

మంగాయమ్మ ఏడవలేదు. అతని మొహంలోకి చాలాసేపు చూసింది. "కన్నదాన్ని. నాకు మొహం తెలీదా?" అని మెట్లు దిగి వెళ్ళిపోయింది.

భరద్వాజ తలుపు వేసుకున్నాడు. ఆ ఊహాచిత్రాన్ని కంప్యూటర్లోంచి తీసేస్తే సాక్ష్యం ఉండదనుకున్నాడు. తీసేశాడు.

తెర నల్లబడింది.

గదిలో ఏదో వాసన. కాలవ ఒండ్రు వాసన... కుళ్ళిన గుర్రపుడెక్క వాసన. మంగాయమ్మ తడి చీరదేలే అనుకున్నాడు. కానీ వాసన గుమ్మం వైపు నుంచి రావడం లేదు. కుర్చీ వెనక నుంచి వస్తోంది.

గర్... గర్...

కాగితం మీద పెన్సిల్ గీస్తున్న చప్పుడు. ఆ గదిలో పెన్సిల్ లేదు.

నల్లటి తెర మీద తెల్లగా ఒక గీత లేచింది. పక్కన ఇంకొకటి. గడ్డం. పెదవులు. ముక్కు. మౌస్ అతని చేతిలో లేదు. చివరికి ఎడమ కంటి కింద చుక్క... గుండ్రంగా... మళ్ళీ మళ్ళీ అదే చోట.

అతను మౌస్ అందుకుని ఆ మచ్చ చెరిపాడు. మళ్ళీ వచ్చింది. చెరిపాడు. వచ్చింది.

మెడ మీద చల్లటి నీటి బొట్టు పడింది.

"ఇది... నాది కాదు" అంది చెవి పక్కన ఒక గొంతు. "తియ్..."

వెనక్కి తిరగలేదు. కరెంటు ప్లగ్గు లాగేశాడు. తెర ఆరిపోలేదు.

"ఎవరిదో... వాళ్ళకి పెట్టు..."

తలుపు తోసుకుని పక్క గదిలోకి పడ్డాడు. "హిదాయత్! హిదాయత్!"

"ఏంటి భరద్వాజా?" అంటూ హిదాయతుల్లా ఇటు తిరిగాడు.

గొంతు హిదాయతుల్లాదే. మొహం మాత్రం... పెన్సిల్ గీతలు. రేగిన జుట్టు. ఎడమ కంటి కింద మచ్చ.

భరద్వాజ మెట్లకేసి పరుగెత్తాడు. మెట్ల మీద జనార్దనరావు ఎదురయ్యాడు. అదే మొహం. కింద బట్టల కొట్టులో పట్టు చీరలు బేరమాడుతున్న ఆడవాళ్ళందరికీ అదే మొహం. రైల్లో పెట్టెడు జనం. అందరూ ఆమే. బాపట్లలో తలుపు తీసిన తల్లి సీతాలక్ష్మిని చూసి "నువ్వెవరు?" అని కేకపెట్టి గుమ్మంలోనే కూలిపోయాడు.

గుంటూరులో డాక్టర్లు పరీక్షలన్నీ చేశారు. కళ్ళు శుభ్రంగా ఉన్నాయన్నారు. ఉద్యోగం పోయింది. మంగాయమ్మకి ఫోటో తిరిగిచ్చి, ఆ బొమ్మ తప్పని టీవీలో చెప్పించింది హిదాయతుల్లానే. అప్పటికి సంవత్సరీకం దాటిపోయింది. పిండం పెట్టిన రోజు ఆ ఇంటికి ఒక్క మనిషి రాలేదు.

ఆరు నెలల తర్వాత భరద్వాజ తల్లి చెయ్యి పట్టుకుని కొలకలూరు వెళ్ళాడు. అరుగు మీద ముగ్గురు ఆడవాళ్ళు కూర్చున్నారు. ముగ్గురిదీ ఒకటే మొహం. అతను ఒకామె కాళ్ళ మీద పడి ఏడ్చాడు.

"ఆమె మా పక్కింటామె" అంది ఇంకో వైపు నుంచి మంగాయమ్మ గొంతు. "లే బాబూ. ఇంటికెళ్ళు."

తప్పయిందని చెప్పాల్సిన మొహమేదో కూడా అతనికి తెలియలేదు. కన్నతల్లి మొహం ఎలా ఉండేదో ఇప్పుడు గుర్తు లేదు. పదిమందిని చూసి మొహాలు గీసిన మనిషి, ఇక ఒక్క మొహమూ చూడకుండానే బతుకు వెళ్ళదీయాలి. అతను చెల్లించిన మూల్యం అది.

అతను అద్దం చూడడు. కాబట్టి ఇది అతనికి తెలియదు. రోజూ పొద్దున్నే సీతాలక్ష్మి తువ్వాలు చివర తడిపి, నిద్రపోతున్న కొడుకు ఎడమ కంటి కింద తుడుస్తుంది. నల్లటి చుక్క చెరిగిపోతుంది. తువ్వాలుకి పెన్సిల్ పొడి అంటుతుంది. మర్నాడు పొద్దునకి మళ్ళీ అక్కడే ఉంటుంది. ఈ మధ్య పక్కనే ముక్కు గీత కూడా మొదలైంది.