చెట్టున మిగిలిన ఏడు పళ్ళు

అకీటా కొండల కింద ఆ ఇంట్లో శనివారం పొద్దున్నే ఓవెన్ వెలిగింది. పెరటి చెట్టున కాసిన పెర్సిమన్ పళ్ళ గుజ్జు, ఉడికించిన చెస్ట్‌నట్ గింజలు కలిపి చేసిన రొట్టె లోపల పొంగుతోంది. కోడలు సనయె రెండో రొట్టెకి పిండి కలుపుతోంది. దానికోసం ఆమె కూతురు, ఆరేళ్ళ కొహరు, పెరటి కొట్టంలో కూర్చుని పురుగు లేని చెస్ట్‌నట్లు ఏరుతోంది.

"ఓవెన్ గంట మోగగానే పరిగెత్తుకొచ్చేస్తా. మొదటి ముక్క నాదే!" అని చెప్పి మరీ వెళ్ళింది.

"అత్తయ్యా, పెర్సిమన్ చెట్టు చివర ఆ ఏడు పళ్ళు ఇంకా ఎందుకున్నాయి? ఒక్కటి కూడా ఉంచొద్దని ఊరి మైకులో రోజూ మొత్తుకుంటున్నారు కదా!" అంది సనయె.

"పిట్టలకి వదిలాను. మీ మామగారు ఏటా వదిలేవారు," అంది హత్సుయె.

"ఈసారి కొండ దిగి వస్తున్నవి పిట్టలు కావు, ఎలుగుబంట్లు!"

"నీ ఓవెన్ సంగతి నువ్వు చూసుకో. నా చెట్టు సంగతి నేను చూసుకుంటా."

సనయె జవాబివ్వబోతూ కిటికీలోంచి చూసింది.

చెట్టు మొదట్లో నల్లటి ఎలుగుబంటి. పది అడుగుల దూరంలో కొట్టం తలుపు బార్లా తెరిచి ఉంది.

హత్సుయె గుమ్మం వైపు దూకింది. సనయె ఆమెను నడుం పట్టి ఆపింది. "వద్దు! బెదిరితే కొట్టంలోకే దూరుతుంది!"

అప్పుడు చూసింది ఓవెన్ వైపు. ఇంకా పన్నెండు సెకన్లే ఉంది. గంట మోగితే పిల్ల బయటికి వస్తుంది.

ఒక్క ఊపున ప్లగ్ పీకేసింది.

"అమ్మా, అయిందా?" కొట్టంలోంచి కేక.

ఎలుగుబంటి తల అటు తిప్పింది.

హత్సుయె కిటికీ తెరిచింది. ఏమీ జరగనట్టు మామూలు గొంతుతో అంది: "ఇంకా లేదు తల్లీ. చలిగాలి కొడుతోంది, తలుపేసి గడియ పెట్టుకో. నేనొచ్చేదాకా తియ్యకు."

"సరే నానమ్మా."

తలుపు మూసుకుంది. గడియ పడింది. ఎలుగుబంటి కాసేపు అటే చూసి, చెట్టెక్కింది.

సనయె గుసగుసగా పోలీసులకి ఫోన్ చేసింది. సైరన్ వినిపించేసరికి చెట్టు మీద ఒక్క పండూ లేదు. ఎలుగుబంటి దబ్బున దూకి కొండ వైపు పరుగెత్తింది. హత్సుయె కొట్టం తలుపు తీయించి మనవరాలిని గట్టిగా వాటేసుకుంది.

"నానమ్మా, వదులు! నొప్పి!" అంటోంది కొహరు. హత్సుయె వదల్లేదు.

"మీ మామగారి పేరు చెప్పి అబద్ధమాడానమ్మా," అంది కోడలితో. "ఆయన వదిలేది ఒక్కటే పండు. ఆ పైకొమ్మ నాకు అందలేదు. నిచ్చెన మీద కాళ్ళు వణికాయి. చేతకావడం లేదని నీతో చెప్పుకోలేకపోయాను."

"ఒక్క మాట చెబితే నేను ఎక్కేదాన్ని కదా అత్తయ్యా!"

"నువ్వా? స్టూలెక్కితేనే కళ్ళు తిరుగుతాయి నీకు."

"తిరిగితే తిరిగేవి. కింద మీరు ఉండేవారు కదా పట్టుకోవడానికి," అంది సనయె, ఏడుపు ఆపుకోలేక.