వంశమంతా ఒకే కారు

“ఏమండీ, ఈ కారు మీదేనా?”

పిచ్చుక స్టిక్కరు అంటించిన అద్దం మీద వేలితో కొట్టి ఆ అమ్మాయి అడిగిన మొదటి మాట అది. బయట సన్నగా తుంపర పడుతోంది. వంతెన పక్కన ఎర్ర కారు ఆపుకుని, ఇంజను కూనిరాగానికి చెవొగ్గి కూర్చున్న అతను ఉలిక్కిపడ్డాడు.

“కాదు” అంటే సరిపోయేది. అతను కార్ల సర్వీసు షెడ్డులో మెకానిక్కు. రిపేరయిన ప్రతి బండినీ ఈ వంతెన దాకా నడిపి, అక్కడ ఆపి, ఇంజను గొంతు విని వెనక్కి తీసుకెళ్ళడం అతని పని. స్క్రూడ్రైవరు మొన ఇంజనుకు ఆనించి, పిడి చెవికి పెట్టుకుని రోగం చెప్పేస్తాడని షెడ్డులో అందరూ అతన్ని ‘చెవి డాక్టరు’ అంటారు. కస్టమరు సీటుకు మరకంటకూడదని, బండెక్కే ముందు జిడ్డు కోటు విప్పేయాలన్నది అక్కడి రూలు. అందువల్ల ఆ పూట ఇస్త్రీ చొక్కాలో దొరబాబులా మెరిసిపోతున్నాడు.

అబద్ధమాడాలని పొద్దున్నే లేచి ఎవరూ కంకణం కట్టుకోరు. అది నోట్లో ఉమ్మి ఊరినట్టు ఊరుతుంది, అంతే.

“నాదేనండి,” అన్నాడు.

“హమ్మయ్య! రెండు నిమిషాలు మాట్లాడొచ్చా?” ఆమె సంచిలోంచి నోటుపుస్తకం తీసి, తడవకుండా కడుపుకు హత్తుకుంది. “నేను ఫిజియోథెరపిస్టుని. ఇళ్ళకెళ్ళి మోకాళ్ళు, భుజాలు, నడుములు బాగుచేస్తా. మడత బల్ల, నడక స్టాండు మోసుకుంటూ రోజూ రెండు బస్సులు మారుతున్నా. పేషెంట్ల నడుములు నిలబెట్టి నా నడుం పడిపోయేలా ఉంది. చిన్న కారు ఒకటి కొనాలి.”

“షోరూంలో అడక్కపోయారా?”

“వాళ్ళకేం, కాకిని కూడా హంస అని చెప్తారు. మా తాతయ్య ఎడ్ల బేరగాడు. ఎద్దును కొనేటప్పుడు అమ్మేవాణ్ణి కాదు, దాంతో దున్నేవాణ్ణి అడగాలంటాడు. అందుకే దున్నేవాళ్ళని పట్టుకుంటున్నా. మీరు పదకొండోవారు. చెప్పండి, బండి ఎలా ఉంది?”

ఇక్కడ మాత్రం అతను అబద్ధమాడలేకపోయాడు. ఈ రకం కార్లు మూడొందలకు పైగా అతని చేతి మీదుగా వెళ్ళాయి. వాటి యజమానుల గోడు మొత్తం విన్నాడు.

“మైలేజీకి ఢోకా లేదండి. పొద్దున చలికి రెండో గేరు కాస్త అలుగుతుంది, బుజ్జగిస్తే పడుతుంది. నలుగురెక్కి గుట్టెక్కితే ఏసీ కట్టేయాల్సిందే. ఎక్కడమో చల్లబరచడమో, ఏదో ఒకటే దాని చేతనవుతుంది. మీ మడత బల్ల డిక్కీలో పట్టదు. వెనక సీటు వంచితే పడుతుంది.”

ఆమె పెన్ను ఆగింది. “ఇప్పటిదాకా పదిమంది చెప్పారు. తమ బండికి వంక ఉందన్నవాళ్ళు ఒక్కరూ లేరు. ఎన్నాళ్ళయింది మీరు కొని?”

“మూడేళ్ళు.”

“మూడేళ్ళా? సీటు మీద ప్లాస్టిక్ కవరు ఇంకా తీయలేదే!”

అది షెడ్డువాళ్ళు తొడిగిన కవరు. అతను దాని మడత సర్దాడు. “నేను కొంచెం జాగ్రత్త మనిషినండి.”

ఆమె నవ్వింది. ఆ నవ్వుకు అతను ఇంజను చప్పుడు వినడం మరచిపోయి, రిపోర్టులో “అంతా బాగుంది” అని రాసేశాడు.

*

నాలుగు రోజులకు మళ్ళీ అదే వంతెన. ఈసారి కారు తెల్లది.

“ఎర్రది ఏమైంది?” అద్దం దగ్గర అదే గొంతు.

“ఇంట్లో ఉందండి. ఇది... చెల్లెలిది.”

అతనికి చెల్లెలు లేదు. తల్లికి ఒక్కగానొక్క కొడుకు.

“చెల్లెలు కూడా ఇదే కొన్నారా? బాగుందన్నారా?”

“చిన్న సందుల్లో తిప్పడానికి వెన్నలా ఉంటుందటండి. కానీ వానలో వెనకద్దం మసకేస్తుంది. గుడ్డ ఒకటి పక్కన పెట్టుకోమంటుంది.”

ఆమె రాసుకుంది. ఆ తర్వాతి వారం కారు నీలంది, వెనక సీట్లో చంటిపిల్లల కుర్చీ బిగించి ఉంది. ఆమె రోడ్డు అవతలి నుంచే చెయ్యూపుతూ వచ్చింది.

“ఇదెవరిది? తమ్ముడిదా?”

“మేనమామది.”

“ఆ వయసులో చంటిపిల్లలా?”

“ఆలస్యంగా పెళ్ళయింది పాపం.”

“మీ వంశమంతా ఒకే కారు కొన్నారా ఏంటి!”

“మావాళ్ళకి... వేరేవి నచ్చవండి.”

ఆ మాట అతన్ని ముంచుతుందని అప్పుడు తెలియలేదు. మరుసటి వారం మొత్తం నిజం కక్కేయాలని గట్టిగా అనుకుని వంతెన దగ్గర నిలబడ్డాడు. ఎదురుగా ఆమె దిగే బస్సు రాలేదు. నిమ్మపండు రంగులో కొత్త కారు వచ్చి ఆగింది. అదే రకం.

ఆమె కిందికి దిగి, చాక్లెట్టు ఒకటి అతని చేతిలో పెట్టింది. “కొనేశా! అందరికంటే ముందు మీకే.”

“అంత తొందరగానా?”

“నాన్న పెద్ద బండే కొనమన్నారు. అన్నయ్యయితే, నీకు కార్ల గురించి ఏం తెలుసే, సైకిలు టైరు కూడా మార్చలేవు, అన్నాడు. అందర్నీ కూర్చోబెట్టి నోటుపుస్తకంలో మీ పేజీ చదివా. మూడేళ్ళుగా వాడుతున్న మనిషి, ఉన్న లోపాలు కూడా దాచకుండా చెప్పాడు, ఇంట్లో ముగ్గురు అదే వాడుతున్నారు, ఇంకేం కావాలి అన్నా. ఎవ్వరూ నోరెత్తలేదు. మా ఇంట్లో నా మాట నెగ్గడం ఇదే మొదలు.”

నిజం అతని గొంతు దాకా వచ్చి, చాక్లెట్టుతో పాటు లోపలికి పోయింది.

*

కొత్త కారుకు నెల తిరిగితే మొదటి సర్వీసు. ఆ ఊళ్ళో ఆ కార్లకు షెడ్డు ఒక్కటే.

నిమ్మపండు రంగు గేట్లో కనిపించగానే అతను పక్కనున్న బండి కిందికి దూరాడు. మోకాళ్ళ కింద నుంచి రెండు కాళ్ళు బయట, మిగతా మనిషి చీకట్లో. సూపర్‌వైజరు ఆమె తాళాలు తీసుకుంటూండగా, రిటైరైన హెడ్మిస్ట్రెస్ ఒకావిడ తన ఎర్ర కారు కోసం వచ్చింది.

“ఈ కారు మీదా?” ఆ అమ్మాయి ఆశ్చర్యపోయింది. “అద్దం మీద ఈ పిచ్చుక స్టిక్కరు... ఇది వేరే ఆయనది కదా?”

“నాదేనమ్మా, మూడేళ్ళుగా. మీరు చెప్పే ఆయన ఎవరు?”

సూపర్‌వైజరు గొంతెత్తాడు. “ఓయ్ చెవి డాక్టరూ! కాళ్ళు కనబడుతున్నాయి, బయటికి రా!”

ఒళ్ళంతా గ్రీజుతో అతను పాక్కుంటూ వచ్చి నిలబడ్డాడు. ఆమె అతని కోటు చూసింది, చేతులు చూసింది. షెడ్డులో వరసగా నిలబడ్డ తెల్ల కారును, నీలం కారును కూడా చూసింది.

“చెల్లెలు, మేనమామ అందరూ కులాసాయేనా?” అంది.

“అది కాదండి, కారు గురించి చెప్పిందంతా...”

“కారు సంగతి వదిలేయండి. మీరు మెకానిక్కని చెప్పుంటే ఇంకా ఎక్కువ నమ్మేదాన్ని. మీ మాట మీద ఇంట్లో అందరి ముందూ నిలబడ్డా. ఇప్పుడు వాళ్ళకేం చెప్పాలి? వంతెన మీద ఎవరో ఎర్రకారబ్బాయి కట్టుకథ చెబితే కారు కొన్నాననా?”

గొంతు పెంచలేదు. పెంచితే బాగుండుననిపించింది అతనికి. కారు అక్కడ ఒప్పజెప్పి ఆమె బస్సు కోసం నడిచి వెళ్ళిపోయింది.

ఆ కారు సర్వీసు అతని వంతుకే వచ్చింది. ఆయిలు మార్చాడు, ఫిల్టరు బిగించాడు. చేతులు పనిలో ఉన్నాయి, మనసు బస్సుస్టాపులో ఉంది. సాయంత్రం పనిముట్ల బోర్డు మీద పదో నంబరు స్పానరు కొక్కెం ఖాళీగా కనిపించింది. పదో నంబరు పోవడం షెడ్డుల్లో మామూలే. ఎవడో పట్టుకెళ్ళి ఉంటాడనుకున్నాడు.

*

పది రోజుల తర్వాత నిమ్మపండు కారు మళ్ళీ వచ్చింది. ఈసారి ఆమెతో పాటు తాతయ్య. ఎండిన చింతబరికెలాంటి మనిషి, కళ్ళు మాత్రం బేరం చూసే కళ్ళు.

“గతుకు పడ్డప్పుడల్లా లోపల ఠంగుమంటోంది,” అంది ఆమె, సూపర్‌వైజరుకే చెబుతూ. “సర్వీసుకిచ్చాక మొదలైంది. పేషెంట్ల ఇళ్ళకెళ్తే కారు ముందొస్తోందో చప్పుడు ముందొస్తోందో తెలియట్లేదు.”

అతనికి గుండె ఠంగుమంది. ఖాళీ కొక్కెం గుర్తొచ్చింది.

సూపర్‌వైజరు నవ్వేశాడు. “చిన్న కార్లమ్మా, చిన్నచిన్న చప్పుళ్ళు మామూలే. మావాడు సర్దేస్తాడు.” తర్వాత అతన్ని పక్కకు లాగి గుసగుసగా, “నీ స్పానరే కదూ? గుట్టుగా తీసెయ్. ‘అడ్జస్టు చేశాను’ అని చెప్పు. ఇంజన్లో పనిముట్టు మరచిపోయావని ఆ అమ్మాయి కస్టమరు అభిప్రాయం ఫారంలో రాసిందంటే, రేపణ్ణించి బయట టైర్లకు పంక్చర్లేసుకోవాలి నువ్వు,” అన్నాడు.

అతను బానెట్టు ఎత్తాడు. బ్యాటరీ వెనక సందులో చెయ్యి పెడితే, చల్లగా, ముద్దాయిలా, స్పానరు దొరికింది. కోటు చేతిలో దాచుకోవడానికి ఒక్క క్షణం చాలు. సూపర్‌వైజరు కన్ను గీటాడు.

అతను స్పానరు అరచేతిలో పెట్టుకుని ఆమె దగ్గరికి నడిచాడు.

“ఇదండీ చప్పుడు. బండి తప్పు కాదు, నాది. సర్వీసు రోజు లోపల మరచిపోయాను.”

సూపర్‌వైజరు తల పట్టుకున్నాడు. ఆమె స్పానరు వంక చూసింది. తాతయ్య ముందుకొచ్చాడు.

“ఏమబ్బాయ్, నువ్వు చెప్పకపోతే మాకు తెలిసేదా?”

“తెలిసేది కాదండి.”

“చెప్తే నీకేమైనా లాభమా?”

“ఉద్యోగం పోవచ్చు.”

“మరెందుకు చెప్పినట్టు?”

“ఇదివరకు ఒకటి దాచానండి. అది మోయడమే నా వల్ల కావట్లేదు. దాని నెత్తిన ఇంకోటి పెట్టుకోలేను.”

తాతయ్య మనవరాలి వైపు తిరిగాడు. “వంతెన మీద ఎర్రకారబ్బాయి ఇతగాడేనా?”

ఆమె తల ఊపింది.

“నా నలభయ్యేళ్ళ బేరాల్లో, నా ఎద్దుకు చెడ్డ సుడి ఉందని కొనేవాడికి తానే చూపించినవాణ్ణి ఇద్దర్నే చూశా. వాళ్ళు కూడా మొదట్లో కాస్త కోతలు కోశారులే.” సూపర్‌వైజరు చాచిన ఫారాన్ని తాతయ్య అందుకుని మనవరాలి చేతిలో పెట్టాడు. “ముందు నడిపి చూద్దాం. చప్పుడు పోయిందో లేదో తెలిశాక రాద్దువు గాని. ఇదిగో అబ్బాయ్, నువ్వూ రా. మళ్ళీ మోగితే ఎవణ్ణి అడగాలి?”

అతను కోటు విప్పబోయాడు.

“ఉండనీండి,” అంది ఆమె. “మీ అసలు బట్టల్లోనే రండి. సీటుకంటితే కడుక్కుంటా.”

అతను వెనక తలుపు తీయబోతే తాతయ్య అడ్డం వచ్చాడు. ముడుచుకుంటూ, మూలుగుతూ, మోకాళ్ళు గడ్డానికి ఆనేలా తానే వెనక కూర్చున్నాడు. “నువ్వు ముందెక్కు. చెవి డాక్టరువట కదా, ఇంజను దగ్గర కూర్చో.”

కారు కదిలింది. మొదటి గతుకు. చప్పుడు లేదు. రెండోది, మూడోది. ఏమీ లేదు. లోపల ముగ్గురూ ఊపిరి తీసుకునే సవ్వడి తప్ప.

ఊరు దాటాక ఉన్నట్టుండి వాన దంచింది. ఆమె రోడ్డు వారగా ఆపింది. వైపర్లు అటూ ఇటూ తల ఊపుతున్నాయి.

“ఒక్కటి అడుగుతా. నిజం చెప్పండి.”

“ఇంకేం చెప్పగలనండి, అబద్ధాల స్టాకు అయిపోయింది.”

“మొదటి రోజు ‘నాదే’ అని ఎందుకన్నారు?”

అతను గ్రీజు అంటిన గోళ్ళు చూసుకున్నాడు. “కాదంటే మీరు ఇంకో కారు దగ్గరికి వెళ్ళిపోతారని. మళ్ళీ మళ్ళీ వస్తే బాగుండునని చెల్లెల్ని, మేనమామని పుట్టించాను. ఇంకో నెలాగితే పెద్దమ్మ, బాబాయి కూడా పుట్టేవారు.”

ఆమె పెదవి బిగబట్టింది. ఆగలేదు. నవ్వేసింది. నవ్వి, కళ్ళు తుడుచుకుని, ఫారం స్టీరింగు మీద పెట్టి రాయడం మొదలుపెట్టింది. చాలాసేపు రాసింది. రాసి అతని ఒళ్ళో పడేసింది.

“గట్టిగా చదవండి.”

“చప్పుడు పోయింది,” అతను చదివాడు. “తప్పు తనదేనని మెకానిక్కు అడక్కముందే ఒప్పుకున్నాడు. ఇతన్ని ఏమీ అనవద్దు. ఇకముందు నా బండి ఇతనే చూడాలి...” ఆగాడు. “ఇకముందు అంటే ఎన్నాళ్ళండి?”

“బండి ఉన్నన్నాళ్ళూ.”

“నిజం చెప్పమన్నారు కాబట్టి చెప్తున్నా. ఎంత బాగా చూసుకున్నా ఇది పన్నెండేళ్ళ కంటే రాదండి.”

ఆమె వాన వైపు చూస్తూ గేరు వేసింది. రెండోది అలిగింది. బుజ్జగించింది.

“అయితే అప్పుడు ఇంకోటి కొందాం,” అంది.

వెనక సీట్లోంచి తాతయ్య దగ్గాడు.

“అప్పుడైనా కాస్త కాళ్ళు చాపుకునే బండి చూడండర్రా. వీణ్ణి మీ నాన్నకి చూపించడానికి ఇంటిదాకా ఇలాగే రావాలి నేను.”