వేరే గోత్రం చెట్టు

మిషన్ ఆకు ముక్కను మింగి ఆలోచిస్తోంది. చెట్ల శాస్త్రవేత్త డాక్టర్ మైథిలి తెర వైపు చూస్తోంది. ఈదయ్య తన తోట వైపు చూడటం లేదు. చూడటానికి ఏముంది గనక? వరసల్లో నిలబడి ఎండిపోయిన జామాయిల్ చెట్లు.

ఆ ఏడు గోదావరికి ఇవతల జామాయిల్ అంతా అలాగే ఉంది. ఆకులకు బొబ్బలెక్కే కొత్త తెగులొకటి వచ్చి, ఒక్క వానాకాలంలో తోటలన్నీ తుడిచిపెట్టింది. ఈదయ్యకు ఉన్న నేలంతా జామాయిలే. అయినా ఏడుపు రాలేదు. కొంత పోతే మనిషి ఏడుస్తాడు. అంతా పోతే అన్నం తిని పడుకుంటాడు.

"ఇదీ అదే," అంది మైథిలి. "ఎన్ని చెట్లు చూసినా ఒక్క చెట్టే."

ఆ మిషన్ అసలు పేరు ఊళ్లో ఎవరికీ నోరు తిరగదు. గోత్రం మిషన్ అంటారు. అది చేసే పని చెప్పుకోవడానికి తేలికే. చెట్టు కణంలో ఉండే డీఎన్ఏ నాలుగే అక్షరాలతో రాసిన పొడవాటి రాత. తల్లి నుంచి పిల్లకు దిగేటప్పుడు ఆ రాతలో అక్కడక్కడా తప్పులు పడతాయి. పరీక్షలో ఇద్దరు పిల్లలు ఒకే వింత తప్పు రాస్తే, ఒకే బెంచీ మీద కూర్చున్నారని పంతులు పట్టేస్తాడు కదా. అలాగే రెండు చెట్లలో ఒకే తప్పులు కనిపిస్తే, రెంటికీ అవ్వ ఒకతే అని మిషన్ పట్టేస్తుంది. ఆస్ట్రేలియాలో పుట్టిన వందల రకాల జామాయిల్, అంటే యూకలిప్టస్ చెట్లలో ఏది దేని నుంచి వేరుపడిందో కొమ్మలు కొమ్మలుగా గీసి చూపిస్తుంది.

దాన్ని తయారుచేసింది మైథిలే. ఆమెకు కావలసింది చెట్ల చుట్టరికాలు. కాగితం మిల్లువాళ్లకు మాత్రం దాంతో ఇంకో పని దొరికింది. గుజ్జు ఒకే తీరుగా రావాలని వాళ్లు ఒకే తల్లి చెట్టు కొమ్మల నుంచి పెంచిన క్లోన్ మొక్కలే రైతులకు ఇచ్చారు. వాటిలో పొరపాటున కలిసిన పరాయి మొక్క ఏదైనా ఉంటే మిషన్‌తో పట్టుకుని, మాను చుట్టూ ఎర్రరంగు పూసి, నరికేయమన్నారు.

ఈదయ్య నరికి ఊరుకునే రకం కాదు. జామాయిల్ మొద్దు మళ్లీ పిలకలేస్తుందని గడ్డపార పట్టి, వేళ్లతో సహా తవ్వి తగలబెట్టాడు. ఆదర్శ రైతని మిల్లువాళ్లు శాలువా కప్పారు.

"ఎర్రరంగు చెట్ల పాత రీడింగులు తిరగేశాను," అంది మైథిలి. "అవి వేరే శాఖవి. అక్కడ ఆస్ట్రేలియాలో ఆ శాఖ చెట్లకు ఈ తెగులు అంటలేదు. మీ తోటలో ఒకటి ఉండేది. మొద్దేమైనా మిగిలిందా?"

ఈదయ్య ఆమెను గుంట దగ్గరకు తీసుకెళ్లాడు. అందులో వాన నీళ్లు నిలిచాయి.

"మీరు చెప్పినట్టే చేసిన మేడం."

"నేను చెప్పలేదు," అంది మైథిలి. "మిషన్ మాత్రం నాదే."

చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టుంది వ్యవహారం. ఇక్కడ ఆ ఆకులు కూడా ఎండినవే.

"పక్కన సైదులు చేలో చూడుండ్రి," అన్నాడు ఈదయ్య చివరికి. "ఆడికి తవ్వే ఓపికెక్కడిది?"

సైదులు గట్టు మీద మంచం వేసుకుని పడుకుని ఉన్నాడు. కర్రలో పరాయి కర్ర కలిసిందని అతని లోడు మిల్లు గేటు నుంచి తిరిగొచ్చినప్పుడు ఊరంతా నవ్వింది. ఎండిన చెట్ల మధ్య అతని చేలో ఆ పరాయి చెట్టు మొద్దు మోకాలెత్తు పచ్చటి పిలకలు వేసి ఉంది.

"రేపు తవ్వుదాం, రేపు తవ్వుదాం అనుకున్న మేడం," అన్నాడు సైదులు. "మర్చిపోయిన."

మరుసటేడు శాలువా సైదులుకు కప్పారు. అందరితో పాటు ఈదయ్యా చప్పట్లు కొట్టాడు. అసూయ కలుగుతుందేమోనని ఎదురుచూశాడు గానీ, అదీ కలగలేదు.

ఆ పిలకల నుంచి మిల్లువాళ్లు లక్షల మొక్కలు లేపారు. మళ్లీ అన్నీ ఒక్క చెట్టు పిల్లలే. ఈదయ్య పాత గుంట పూడ్చి వాటినే నాటాడు. నడుమెత్తు పెరిగాక మైథిలి మిషన్ పట్టుకుని వచ్చింది. మూడో వరసలో ఒక మొక్క దగ్గర అది కూత పెట్టింది.

"వేరే శాఖ," అంది మైథిలి. తెర మీద ఆ కొమ్మ అందరికీ దూరంగా, ఒంటరిగా ఉంది.

"ఏం జేయమంటరు?"

"మిల్లు రూలు మారలేదు. తీసేయమనే." ఆమె రంగు డబ్బా మూత తియ్యలేదు. "నన్ను అడక్కండి ఈదయ్య గారూ."

ఈదయ్య ఇంటికెళ్లి గడ్డపార తెచ్చాడు. ఎప్పటిలాగే లోతుగా, శ్రద్ధగా తవ్వాడు. ఒక్క వేరు తెగకుండా మట్టిగడ్డతో సహా మొక్కను లేపి, చంకన పెట్టుకుని గట్టు దాటి, సైదులు చేలో ఓ మూల నాటాడు.

"ఇక్కడైతే దీన్ని ఎవడూ పీకడు," అన్నాడు.

మైథిలి మిషన్ ఆపేసింది. మంచం మీంచి సైదులు తలెత్తాడు.

"ఏందన్నా అది?"

"ఏం లేదు. పండుకో," అన్నాడు ఈదయ్య.