పెట్టెలో మిగిలిన పేరు

ఆటోనగర్ మలుపులో బైక్ జారింది!

వెనక కూర్చున్న స్టెఫీ రోడ్డు మీద పడింది. మోచెయ్యి చీరుకుపోయింది. అయినా జాకెట్ లోపలున్న నల్ల పెట్టెను వదల్లేదు.

వెనక కారు లైట్లు... దగ్గరవుతున్నాయి.

"లెగు స్టెఫీ, లెగు!" అనూరాధ బండి నిలబెట్టింది. మధురవాడ సాఫ్ట్‌వేర్ ఆఫీసులో స్టెఫీ పక్క సీటు ఆమెది. బండీ ఆమెదే.

సందులన్నీ తిప్పి, మూతపడి ఉన్న తన అన్నయ్య షెడ్డులోకి బండిని తోసి, షట్టర్ దించేసింది.

కారు దాటిపోయింది...

స్టెఫీకి భయం వేయలేదు. తమ్ముడు యోహాన్‌ని స్క్రాప్ లారీ గుద్ది చంపిన రోజు నుంచి ఆమెకు ఏమీ అనిపించడం లేదు. ఆ సమయానికి లారీ అనకాపల్లిలో ఉందని జీపీఎస్ రికార్డు చూపించి ఓనర్ బయటపడ్డాడు. ఆ జీపీఎస్ పెట్టెనే ఇందాక లారీలోంచి పీక్కొచ్చింది.

పెట్టె విప్పింది. మెమరీ చిప్‌కి డేటా చదివే క్లిప్ తగిలించింది. లోపలున్నదంతా బ్యాగులోంచి తీసిన లాప్‌టాప్‌లోకి కాపీ అయింది.

లోపల నడిచేది చిన్న లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్. ఫైల్ సిస్టమ్ విప్పితే ఫోల్డర్లు బయటపడ్డాయి. పెట్టె ఆన్ కాగానే లేచే ప్రోగ్రాముల్లో ఒకటి తేడాగా ఉంది. ఓనర్ ఒక మెసేజ్ పెడితే చాలు... లారీ ఎక్కడున్నా, అతను చెప్పిన ఊరే రికార్డుకెక్కుతుంది!

దొరికింది.

"సాల్లే, పెట్టె నాకిచ్చెయ్. ఇంటికెళ్ళి నాను సూత్తాను" అంది అనూరాధ.

స్టెఫీ వినలేదు. ప్రోగ్రాంలో దాగిన అక్షరాలను బయటికి తీసింది. దాన్ని తయారుచేసిన కంప్యూటర్లోని ఫోల్డర్ పేరు చెరగకుండా ఉండిపోయింది.

హోమ్... అనూరాధ.

"నువ్వా?"

అనూరాధ మొహం పాలిపోయింది. డీజిల్ లెక్కల కోసమని ఎవరో బ్రోకర్ అడిగితే రాసిచ్చానని, ఓనర్ మొహం కూడా చూడలేదని గొణిగింది. "మనిషి పోతాడని నాకేటి తెలుసు స్టెఫీ..."

స్టెఫీకి కోపం కూడా రాలేదు.

బయట కారు వెనక్కొచ్చిన చప్పుడు...

షట్టర్ లేచింది!

చేతిలో తుపాకీతో ఒకడు. ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు.

"బండి అనూరాధ పేరు మీదుంది. ఓనర్‌కి పోగ్రాం రాసిచ్చిందీ అదే, ఇప్పుడు పెట్టె ఎత్తుకెళ్ళి మోసం సేత్తందీ అదే. మీలో అనూరాధ ఎవుర్తి?"

స్టెఫీ పక్కనున్న అనూరాధ వైపు చెయ్యి చూపిస్తే సరిపోయేది. ఆ చెయ్యి లేవలేదు.

అనూరాధ వేలు స్టెఫీ వైపు లేచింది.

"ఇదే అనూరాధ..."

తుపాకీ స్టెఫీ వైపు తిరిగింది.

కాదని చెప్పడానికి ఆమె నోరు తెరవలేదు.

ఢాం!